పొడి ముఖమునకు పూత: డబ్బా ముందు మాట, వెనుక మాట

మార్గశిరము వచ్చునప్పటికి వరంగల్లులో గాలి పొడిబారును. ఉదయము బడికి వచ్చు పిల్లల చెంపలపై తెల్లని పొట్టు కనిపించును; పెదవులు పగులును; ముఖము కడిగిన వెంటనే చర్మము బిగదీసినట్లుండును. ఆ దినములలో హనుమకొండ చౌరస్తా దుకాణములందు ముఖమునకు పూయు క్రీముల డబ్బాలు ముందు వరుసకు వచ్చును. ఒక్కొక్క డబ్బాపై ఒక్కొక్క వాగ్దానము. "వీనిలో ఏది మంచిది?" అని విద్యార్థులు ఉపాధ్యాయులను అడుగుట సహజము. ఏ ఒక కంపెనీ సరుకునైనను మెచ్చుటకు గాని తెగడుటకు గాని ఈ వ్యాసము వ్రాయుట లేదు. డబ్బాలపై గల మాటలలో శాస్త్రము ముందు నిలుచునవి ఏవి, తేలిపోవునవి ఏవి అని పరిశీలించుటయే దీని ఉద్దేశము.

ఆరోగ్యమైన చర్మము గలవారు క్రీము ఎన్నికలో పొరపడినచో పోవునది చాల వరకు డబ్బు మాత్రమే. పొడి చర్మము, ఊరకనే మండెడి సున్నిత చర్మము, రోజేషియా అను వ్యాధికి లోనగు చర్మము గలవారు పొరపడినచో ఉన్న బాధ పెరుగును. ఈ విమర్శ ముఖ్యముగా వారి కొరకు.

మొదట చర్మమును గురించి కొన్ని మాటలు. చర్మపు పై పొర మృతకణములతో ఏర్పడినది. ముఖముపై దాని మందము సుమారు మిల్లీమీటరులో నూరవ వంతు. దీనిని శాస్త్రజ్ఞులు ఇటుకల గోడతో పోల్చుదురు. కణములు ఇటుకలు, వాని నడుమ గల కొవ్వు పదార్థములు సున్నము. ఆ సున్నములో ముఖ్యమైనవి మూడు: సిరమైడులు, కొలెస్టెరాలు, కొవ్వు ఆమ్లములు. గోడ గట్టిగా ఉన్నంత కాలము లోపలి నీరు త్వరగా బయటికి పోదు, మంట పుట్టించు బయటి పదార్థములు సులభముగా లోనికి రావు. సున్నము రాలినచో ఈ రెండును జరుగును. అందుచేతనే పొడిదనము, సున్నితత్వము తరచు ఒకే ముఖముపై కలిసి కనిపించును.

చర్మమును మెత్తపరచునది నూనెయే అని చాలకాలము అనుకొనిరి. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్విన్ బ్లాంక్ ఈ విషయమును ప్రయోగముతో తేల్చెను. ఎండి పెళుసుబారిన చర్మపు పై పొర ముక్కలు నూనెలో ఉంచినను మెత్తబడలేదు. నీరు తగిలినప్పుడు మెత్తబడినవి. అనగా చర్మమునకు కావలసినది నీరు. ఆ నీరు ఆవిరి కాకుండ ఆపుట నూనెలు, మైనముల పని. ఈ రెండవ పనిని తరగతిలోనే చూపవచ్చును. రెండు ఆలుగడ్డ ముక్కలలో ఒకదానికి అన్ని వైపుల వాసెలిన్ పూసి, రెండింటిని తూచి, గాలి తగులు చోట ఉంచి, మరునాడు మరల తూచవలెను. ఏ ముక్క ఎక్కువ బరువు కోల్పోయినదో పిల్లలే చెప్పగలరు.

మంచి మాయిశ్చరైజరులో, అనగా తేమను నిలుపు క్రీములో, మూడు జాతుల పదార్థములుండును. మొదటివి నీటిని పట్టి ఉంచునవి: గ్లిజరిన్, యూరియా, సోడియం హయలురొనేట్. రెండవవి గోడ సందులను పూడ్చి నునుపు చేయునవి: సిరమైడులు, కొలెస్టెరాలు, స్క్వాలేన్. మూడవవి పైన కప్పు వేయునవి: పెట్రోలేటము, ద్రవ పారఫిన్, డైమెథికోన్. 1872లో రాబర్ట్ చీజ్‌బ్రో అమెరికాలో పేటెంటు పొందిన వాసెలిన్ పెట్రోలేటమే. నీటిని ఆపుటలో దానిని మించినది నేటికిని అరుదు. అది చౌక వస్తువు. ధర చూచి గుణము నిర్ణయింపరాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక రోజేషియా. ఇది సాధారణముగా ముప్పది ఏండ్లు దాటినవారిలో, బుగ్గలు, ముక్కు, నొసలు, గడ్డములపై వచ్చు దీర్ఘకాలిక వ్యాధి. ముఖము ఉన్నట్లుండి వేడెక్కి ఎర్రబడును. సన్నని రక్తనాళములు పైకి తేలును. మొటిమల వంటి పొక్కులు లేచును. కొందరికి కన్నులు కూడ మండును. ఇది అంటువ్యాధి కాదు. ప్రపంచమున పెద్దలలో సుమారు 5 శాతమునకు ఇది కలదని 2018లో వెలువడిన ఒక సమీక్ష అంచనా వేసినది. తెల్లని చర్మముపై కనిపించు ఎరుపు మన చామనచాయపై అంతగా కనబడదు. అందుచేత మనలో దీనిని మొటిమలనియో, ఎలర్జీ అనియో పొరబడుట కలదు. ముఖము తరచు వేడెక్కుట, ఏది పూసినను చురుక్కుమనుట అను లక్షణములను మనము ఎక్కువగా గమనింపవలెను.

ఈ చురుకు ఎక్కడిది? దీనికి వరంగల్లు వారికి ఎనుమాముల మార్కెట్టులోనే ఉదాహరణ దొరకును. మిరప బస్తాల నడుమ నడచినవానికి ముఖము మండును. మిరపలోని కాప్సైసిన్ మన నాడుల కొనలందు గల ఒక గ్రాహకమును తాకును. దానిని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. అదే గ్రాహకము సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి కూడ మేల్కొనును. ఇథైల్ ఆల్కహాలు తగిలినప్పుడు అది అంతకంటె చాల తక్కువ వేడికే, 34 డిగ్రీల దగ్గరనే, మేల్కొనునని 2002లో ప్రచురితమైన ప్రయోగములు చూపినవి. అది ఇంచుమించు చర్మపు సహజమైన వేడి. రోజేషియా గలవారి చర్మములో ఈ జాతి గ్రాహకములు అధికముగా ఉన్నట్లు గుర్తించిరి. ఆల్కహాలు, కర్పూరము కలిసిన పూతలు వారికి మంట పుట్టించుటలో ఆశ్చర్యము లేదు. మెంథాల్ కలిగించు చల్లదనము కూడ నిజమైన చలువ కాదు. చలిని తెలుపు వేరొక గ్రాహకమును తట్టి లేపుటయే. చల్లగా తోచినంత మాత్రమున చర్మము కుదుటపడినట్లు కాదు.

ఇచ్చట విద్యార్థులకు ఒక హెచ్చరిక. సిటైల్ ఆల్కహాలు, సిటోస్టియరైల్ ఆల్కహాలు అను పేర్లు చూచి భయపడరాదు. రసాయనశాస్త్రములో ఆల్కహాలు ఒక కుటుంబము పేరు. ఇవి మైనము వంటి ఘనపదార్థములు. సాధారణముగా మంట పుట్టింపవు.

ఇప్పుడు డబ్బా ముందు వైపు చూతము. "హైపో ఎలర్జెనిక్", అనగా ఎలర్జీ తక్కువగా కలిగించునది, అను మాట ఘనముగా కనబడును. అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ 1975లో ఈ మాటకు పరీక్షలతో కూడిన నిర్వచనము విధించినది. కంపెనీలు న్యాయస్థానమునకు పోగా 1977లో ఆ నియమము కొట్టివేయబడినది. అప్పటినుండి ఆ దేశములో ఆ మాటకు ప్రభుత్వ నిర్వచనము లేదు. "చర్మవైద్యులచే పరీక్షింపబడినది" అనుటలో ఎందరిపై, ఎన్ని దినములు, ఏ చర్మముపై పరీక్షించిరో, ఫలితమేమో ఉండదు. "సహజము" అనునది మరియొక మాట. మిరపయు సహజమే, జీడి పాలును సహజమే. యూకలిప్టస్, పుదీనా, గులాబి తైలములు సహజమైనవే అయినను సున్నిత చర్మమును రేపగలవు. పదార్థము పుట్టుక వేరు, చర్మముపై దాని ప్రవర్తన వేరు.

డబ్బా వెనుక వైపు మాట ఇంతకంటె నమ్మదగినది. మన దేశపు 2020 సౌందర్యద్రవ్యముల నిబంధనల ప్రకారము 1 శాతమునకు మించిన పదార్థములను పాళ్ళు తగ్గు క్రమమున వ్రాయవలెను. 1 శాతము గాని అంతకు తక్కువ గాని ఉన్నవానిని వాని తరువాత ఏ క్రమమునైనను వ్రాయవచ్చును. దీనిని బట్టి ఒక ఉపాయము కలదు. ఫినాక్సీఇథనాల్ అను నిలువచేయు మందును సాధారణముగా 1 శాతమునకు మించి వాడరు. జాబితాలో దాని వెనుక ఉన్నవి చాల కొద్దిగా ఉన్నవని ఊహింపవచ్చును. ముందు వైపున పువ్వు బొమ్మతో మెరయు కుంకుమపువ్వు వెనుక వైపున ఎక్కడున్నదో చూడుడు. అయితే సిరమైడులు కొద్ది పాళ్ళలోనే పని చేయును గనుక అవి చివర ఉన్నంత మాత్రమున మోసమనరాదు. సుగంధద్రవ్యము కొద్దిగా ఉన్నను అది పడనివారికి చాలును. ఈ జాబితా విషయమున ఒక ఫిర్యాదు తప్పదు: అక్షరములు చీమలంత, భాష తరచు ఇంగ్లీషు. తెలుగు మాత్రమే చదువగల తల్లికి ఈ నిబంధన ఇంకను చేరలేదు.

మంచి పేరు గల క్రీము కూడ హాని చేయగలదనుటకు బ్రిటన్‌లోని "ఎక్వియస్ క్రీము" సాక్ష్యము. దశాబ్దముల పాటు పొడి చర్మమునకు దానిని పూసిరి. అందులో సోడియం లారిల్ సల్ఫేట్ అను నురుగు పదార్థము కలదు. పూసి వదిలివేసినచో అది చర్మపు గోడను పలుచన చేయునని 2010లో ఒక పరిశోధన చూపినది. 2013లో ఆ దేశపు ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేసినది.

ఇంటి వైద్యమును కూడ ఇదే త్రాసులో తూచవలెను. నిమ్మరసపు పి.హెచ్. సుమారు 2, చర్మముది సుమారు 5. పి.హెచ్.లో మూడు మెట్ల తేడా అనగా ఆమ్లత్వములో వేయి రెట్లు. నిమ్మరసము పూసి ఎండకు పోయినచో నల్లని మచ్చలు కూడ ఏర్పడవచ్చును. సున్నిపిండితో గట్టిగా రుద్దుట బలమైన చర్మమునకు సరిపోవచ్చును గాని బీటలు వారిన గోడకు కాదు. సబ్బు పి.హెచ్. 9 లేక 10. బోరు నీరు కఠినజలమైన చోట సబ్బు తెట్టు కట్టి చర్మముపై నిలుచును. నూనెలు కూడ అన్నియు సమానము కావు. ఆలివు నూనె చర్మపు గోడను బలహీనపరచెననియు, ప్రొద్దుతిరుగుడు నూనె అట్లు చేయలేదనియు 2013లో ఒక బ్రిటిష్ పరిశీలన తెలిపినది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము క్రీము కానిదానిని క్రీముగా భావించుట. ముఖము ఎర్రబడినదనియో, నల్లబడినదనియో మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను గొట్టములలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ వంటి స్టిరాయిడు మందులుండవచ్చును. నాలుగు దినములలో ముఖము నునుపెక్కి తేటబడును; అదే ఉచ్చు. నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడును, రక్తనాళములు తేలును, రోమములు పెరుగును, రోజేషియా వంటి పొక్కులు లేచును. మానినచో మంట విజృంభించును. అందుచేత మరల పూయుదురు. భారతదేశములోని చర్మవైద్యులు దీనిపై ఏండ్ల తరబడి ఆందోళన చేయగా 2018లో అనేక స్టిరాయిడు పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని జాబితాలో చేర్చిరి. గొట్టముపై ఆర్ఎక్స్ గుర్తు ఉన్నచో అది మందు, మాయిశ్చరైజరు కాదు. ఇప్పటికే వాడుచున్నవారు తమంతట తాము ఆపక, వైద్యుని సలహాతో మానవలెను. వరంగల్లు వారికి కాకతీయ వైద్యకళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రి ఉండనే ఉన్నది.

మరి ఎన్నుకొనుట ఎట్లు? సువాసన లేనిది, పదార్థముల పట్టిక చిన్నది, అందులో గ్లిజరిన్, పెట్రోలేటము లేక డైమెథికోన్, వీలైనచో సిరమైడులు గలది ఎంచుకొనవలెను. శీతకాలమున చిక్కని క్రీము, చెమట పట్టు వేసవిలో పలుచని లోషను మేలు. ముందుగా చెవి వెనుక గాని, దవడ క్రింద గాని కొద్దిగా పూసి నాలుగైదు దినములు చూడవలెను. సబ్బుకు బదులు సౌమ్యమైన ప్రక్షాళన ద్రవముతో గోరువెచ్చని నీట ముఖము కడిగి, తుడిచిన పిమ్మట తడి పూర్తిగా ఆరకముందే పూయవలెను. రోజేషియా గలవారు పగలు జింకు ఆక్సైడు గల ఎండపూతను కూడ వాడవలెను. అయితే క్రీము గోడకు మరమ్మతు మాత్రమే. రోజేషియాకు మందు కాదు. ఎరుపు, పొక్కులు తగ్గనిచో, కన్నులు మండినచో వైద్యుని చూడవలెను.

ఉపాధ్యాయులు ఒక దినము పిల్లలచే ఇంటనున్న ఖాళీ డబ్బాలను తెప్పించి, ఒక భూతద్దము ఇచ్చి, వెనుకనున్న జాబితాను చదివింతురు గాక. ఏది నీటిని పట్టునది, ఏది కప్పు వేయునది, ఏది వట్టి పరిమళము అని నల్లబల్లపై మూడు వరుసలుగా వ్రాయించినచో రసాయనశాస్త్ర పాఠము తానే సాగును. ఆ సాయంకాలము ఆ పిల్లలలో ఒకరు తల్లి చేతనున్న గొట్టమును త్రిప్పి చూచి, "అమ్మా, ఇది మందు, డాక్టరును అడుగుదాము" అన్నచో ఆ పాఠము ఫలించినట్లే.