ఆసుపత్రి కన్నా ముందు ఊరి లెక్క

ప్రజారోగ్యం గురించి మాట్లాడుకునేటప్పుడు మన చర్చ ఎప్పుడూ ఆసుపత్రి గేటు దగ్గరే మొదలవుతుంది. పడకలు ఎన్ని ఉన్నాయి, డాక్టరు వేళకు వస్తున్నాడా, స్కానింగ్ యంత్రం పనిచేస్తోందా, 108 ఎంతసేపట్లో చేరుతోంది అని అడుగుతాం. అవన్నీ అడగవలసినవే. కానీ వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ ఊళ్ళో ఏ జబ్బు ఉంది, ఎవరికి ఉంది, ఎంతమందికి ఉంది, ఎందుకు వస్తోంది? ఆసుపత్రి ఓపీ చిట్టా దీనికి జవాబు చెప్పలేదు. అందులో వచ్చినవాళ్ళ పేర్లే ఉంటాయి. బస్సు లేక రానివాళ్ళు, కూలి పోతుందని రానివాళ్ళు, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పుకోనివాళ్ళు, జబ్బు ఉన్నట్టే తెలియనివాళ్ళు అందులో ఉండరు. లవం తెలిసి హారం తెలియని భిన్నం లాంటిది ఆ చిట్టా. పదిమంది వచ్చారంటే వందమందిలో పదిమందా, పదివేలమందిలో పదిమందా అన్నది తేలకుండా ఎంత ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో తేలదు. అందుకే ఊరి అవసరాలు తెలుసుకోవడాన్ని వైద్యంలోనే మొదటి భాగంగా చూడాలంటాను. దానికి ఇంటింటి లెక్కా కావాలి, ఊరివాళ్ళ మాటా కావాలి. రెంటిలో ఏది లోపించినా జబ్బు ఒకచోట, ఖర్చు మరొకచోట ఉండిపోతాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇందుకు మన కళ్ళముందున్న రుజువు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న పల్లెలవి. అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉందన్న మాట రెండు మూడు దశాబ్దాల క్రితమే మొదలైంది. అయినా చాలాకాలం అది ఒక్కో ఇంటి దురదృష్టంగానే మిగిలింది. ఒకరు విశాఖ ఆసుపత్రిలో, మరొకరు బరంపురంలో చూపించుకునేవారు. ఏ డాక్టరుకైనా ఎదుట కనిపించేది ఒక రోగే, ఊరు కాదు. కిడ్నీ జబ్బు స్వభావం కూడా దీనికి తోడైంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు తేలే సరికే మూత్రపిండాల శక్తిలో సగం వరకూ పోయి ఉండవచ్చు. కాళ్ళ వాపు, ఆయాసం మొదలై ఆసుపత్రికి వచ్చేనాటికి చాలామందికి డయాలసిస్ తప్ప దారి మిగలదు. ఇళ్ళకు వెళ్ళి, బాగున్నామనుకుంటున్న వాళ్ళకు కూడా రక్త, మూత్ర పరీక్షలు చేశాకే అసలు చిత్రం బయటపడింది. పెద్దవాళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి ఏదో ఒక దశలో కిడ్నీ జబ్బు ఉన్నట్టు అధ్యయనాలు చెప్పాయి. వాళ్ళలో చాలామందికి సుగరూ లేదు, బీపీ కూడా లేదు. అంటే పట్నంలో కిడ్నీ చెడిపోవడానికి మనం మామూలుగా చెప్పుకునే కారణాలు అక్కడ సరిపోవు.

ఆ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్ళలోని ఖనిజాలా, పురుగుమందులా, ఎండలో చెమటోడ్చే పనిలో శరీరం ఎండిపోవడమా, ఇవన్నీ కలిసి చేస్తున్నదా అన్నది పరిశోధనలోనే ఉంది. కారణం తెలియనప్పుడు లెక్కతో ఏం ప్రయోజనం అనవచ్చు. ఉద్దానమే దానికి జవాబు. సోంపేట, పలాస వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. వారానికి రెండు మూడుసార్లు విశాఖ దాకా వెళ్ళే బాధ చాలామందికి తప్పింది. డయాలసిస్ రోగులకు పింఛను వచ్చింది. హిరమండలం జలాశయం నుంచి ఏడు మండలాలకు తాగునీరు ఇచ్చే 700 కోట్ల రూపాయల పథకం వచ్చింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. కారణం తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదని ఇవి చెబుతున్నాయి. తొలిదశలో ఉన్న మనిషి ఎవరో తెలిస్తే బీపీ అదుపులో పెట్టవచ్చు, ఒళ్ళునొప్పులకు విచ్చలవిడిగా మింగే మాత్రలు మాన్పించవచ్చు, డయాలసిస్ రోజును కొన్నేళ్ళు వెనక్కి నెట్టవచ్చు. ఇవన్నీ లెక్క తేలాకే సాధ్యమయ్యాయి. అది ఇరవై ఏళ్ళు ముందు తేలి ఉంటే ఎన్ని ఇళ్ళు నిలబడి ఉండేవో ఆలోచించాలి.

కంటికి కనపడని జబ్బు సంగతి ఇలా ఉంటే, నోరు విప్పి చెప్పుకోలేని జబ్బుల సంగతి ఇంకా కష్టం. మన పొరుగున, ప్రాణహితకు అవతల ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్ చేసిన పని దీనికి గొప్ప ఉదాహరణ. ఆ జిల్లా దక్షిణాన సిరోంచ వైపు తెలుగు మాట్లాడే పల్లెలున్నాయి. 1989లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన అధ్యయనంలో ఆమె రెండు ఊళ్ళ ఆడవాళ్ళను పరీక్షించారు. జబ్బని వచ్చినవాళ్ళనే కాకుండా ఊళ్ళోని మిగతా ఆడవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకున్నారు. పరీక్షించినవాళ్ళలో నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీల వ్యాధి ఉందని తేలింది. అంతకుముందు ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మందే. అప్పటిదాకా పల్లెటూరి ఆడదాని ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషను అన్నంతవరకే ప్రభుత్వ పథకాలు ఆలోచించేవి. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుము విరిగే నొప్పి ఏ పథకంలోనూ లేవు, ఎందుకంటే ఏ చిట్టాలోనూ లేవు.

ఈ విషయం మన రెండు రాష్ట్రాలకు మరీ దగ్గరిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొమ్మిదిమందికి దగ్గరగా, తెలంగాణలో ఎనిమిదిమందికి దగ్గరగా ఉన్నారు. దేశంలో అన్నిటికన్నా పైనున్న రాష్ట్రాలు మనవే. ఇంత తేడాకు మన ఆడవాళ్ళ ఒంట్లో ఏదో ప్రత్యేకత ఉందని ఎవరూ చెప్పలేరు. ఊళ్ళో అడిగే మనిషి లేక, దగ్గర్లో పరీక్షించే చోటు లేక, మందుతో తగ్గే బాధ ఏళ్ళ తరబడి ముదిరి, చివరికి పట్నంలో ఆపరేషన్ బల్ల మీదికి చేరడం ఇందులో పెద్ద భాగం. అవసరాన్ని ఊరు గుర్తించకపోతే దాన్ని ఆసుపత్రే నిర్ణయిస్తుంది. ఆసుపత్రి తన దగ్గరున్న వైద్యాన్నే అవసరమని చెబుతుంది. ముప్ఫై అయిదేళ్ళకే గర్భసంచి పోయిన ఆడమనిషి ఎముకల బలం, గుండె ఆరోగ్యం ఆ తర్వాత ఏమవుతాయో ఎవరి లెక్కలోకీ రాదు.

లెక్క వైద్యంగా మారడం ఎలా ఉంటుందో కూడా గడ్చిరోలిలోనే చూడవచ్చు. రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు 1980ల మధ్యలో అక్కడ స్థాపించిన సెర్చ్ సంస్థ ఊరూరా పుట్టిన ప్రతి బిడ్డనూ, చనిపోయిన ప్రతి బిడ్డనూ నమోదు చేసింది. పురిటి నెలలోనే ఎక్కువమంది పోతున్నారని, ఇళ్ళలోనే పోతున్నారని తేలింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోతుంటే ఆసుపత్రిలో ఇంకో వార్డు కట్టి ప్రయోజనం ఏముంది? అందుకని ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, బిడ్డను వెచ్చగా ఉంచడం, ఊపిరి అందించడం, ఇన్ఫెక్షన్ గుర్తించి సూదిమందు వేయడం నేర్పారు. ఈ పద్ధతి అమలైన 39 ఊళ్ళలో, అమలు కాని ఊళ్ళతో పోలిస్తే మూడేళ్ళలో పురిటి నెల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఇవాళ మన ఊళ్ళో ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డను తూకం వేస్తున్నదంటే దాని వెనక ఆ లెక్క ఉంది.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, ఊరివాళ్ళను అడిగితే ఏం చెబుతారు, సెలైన్ ఎక్కించమంటారు, సూది వేయమంటారు అన్నది. ఇందులో కొంత నిజం ఉంది. కానీ మనిషి కోరినదాన్ని కొట్టిపారేయకుండా, ఎందుకు కోరుతున్నాడో చూడాలి. రేపు పనిలోకి పోకపోతే కూలి రాదన్న భయం సెలైన్ సీసా వెనక ఉంటుంది. రక్తం తక్కువై వచ్చే నీరసం ఉంటుంది. పగలు మూసి ఉండే ఉపకేంద్రం ఉంటుంది, రాత్రి పదింటికి కూడా తలుపు తీసే ఆర్‌ఎంపీ ఉంటాడు. ఇవన్నీ ఆరోగ్య సమాచారమే. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టిన అరోలే దంపతులకు కరువుతో ఉన్న ఊళ్ళు చెప్పిన మొదటి అవసరం నీళ్ళు, తిండి. డాక్టర్లై ఉండీ వాళ్ళు ఆ మాట విని అక్కడి నుంచే మొదలుపెట్టారు. కలరా, విరేచనాలు, పిల్లల్లో పోషకాహార లోపం తగ్గే దారి కూడా అదే అయింది. ఊరివాళ్ళకు వైద్యశాస్త్రం తెలియకపోవచ్చు, తమ బతుకు తెలుసు. కిడ్నీ జబ్బు ఉందని ఊరు చెప్పలేదు, అందుకే పరీక్ష కావాలి. పరీక్ష ఏ వేళకు పెడితే కూలీలు రాగలరో పరీక్షాయంత్రం చెప్పదు, అందుకే ఊరి మాట కావాలి.

రెండో అభ్యంతరం ఆశా కార్యకర్తల నుంచి, ఏఎన్ఎంల నుంచి వస్తుంది. ఇప్పటికే సర్వేల మీద సర్వేలు చేస్తున్నాం, ఫోనులో యాప్ మీద యాప్ నింపుతున్నాం, ఇంకొకటి మా నెత్తిన పెట్టవద్దు అంటారు. వాళ్ళ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను కోరుతున్నది కొత్త సర్వే కాదు. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతివారి వివరాలు పొగాకు, మద్యం, నడుము కొలత, కుటుంబంలో సుగర్, బీపీ సహా ఇప్పటికే ఒక ఫారంలో రాస్తున్నారు. గర్భిణులు, బాలింతలు, క్షయ రోగుల వివరాలు ఉన్నాయి. అవి పైకి వెళుతున్నాయి, కిందికి తిరిగి రావడం లేదు. మండలానికో జిల్లాకో కలిపేసిన అంకెలో మీ ఊరు కనపడదు. అదే సమాచారాన్ని ఊరివారీగా కూడి ఏడాదికి ఒకసారి ఊరికే తిరిగి చెప్పాలి. పేర్లు అక్కర్లేదు, మొత్తాలు చాలు. క్షయ, మానసిక వ్యాధులు, స్త్రీల సమస్యల విషయంలో ఎవరి గుట్టూ బయటపడకూడదు. తను రాసిన అంకె వల్ల తన ఊళ్ళో ఒక మార్పు వచ్చిందని కళ్ళతో చూసిన ఆశా కార్యకర్త తర్వాతి అంకెను మరింత శ్రద్ధగా రాస్తుంది.

మూడోది నిపుణుల అభ్యంతరం. చిన్న ఊళ్ళో అంకెలు మోసం చేస్తాయి, ఒకే ఏడాది ముగ్గురికి క్యాన్సర్ వస్తే ఊరంతా బెంబేలెత్తుతుంది, నిజానికి అది యాదృచ్ఛికం కావచ్చు అంటారు. ఒప్పుకుంటాను. ఊరి లెక్క అనుమానాన్ని లేవనెత్తగలదు, నిర్ధారణ చేయలేదు. ఆ రెండో పనికే వైద్య కళాశాలల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలున్నాయి. ఇప్పుడు ఎంబీబీఎస్ విద్యార్థి ప్రతి ఒక్కరూ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని కొన్నేళ్ళపాటు వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించాలన్న నియమం కూడా ఉంది. ఊరు అనుమానించిన చోటికి కళాశాల వెళ్ళి సరిచూస్తే చదువూ అవుతుంది, పనీ అవుతుంది. అనుమానించే దారే లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఉద్దానంలో చూశాం. అనవసరంగా బెంబేలెత్తడం కన్నా అది ఎన్నో రెట్లు పెద్ద నష్టం.

గుర్తించినంత మాత్రాన పని జరుగుతుందా అన్నది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. జరగదని ఫ్లోరోసిస్ చరిత్ర చెబుతుంది. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే జబ్బు ఉందని అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో 1937లోనే వైద్యులు గుర్తించి అచ్చువేశారు. నల్గొండ పేరుతో పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్ తీసే పద్ధతే దేశమంతా ప్రచారమైంది. అయినా ఆ నల్గొండ జిల్లాలోనే మర్రిగూడ, మునుగోడు వైపు ఇంటింటికీ నది నీళ్ళు చేరేసరికి ఎనభై ఏళ్ళు పట్టింది. ఈలోగా మూడు తరాల వెన్నెముకలు వంగిపోయాయి. జబ్బు గురించి వైద్య పత్రికలకు తెలుసు, దాన్ని నిలదీసి అడిగే అధికారం మాత్రం ఊరికి లేదు. అందుకే లెక్క ఎవరి చేతిలో ఉందన్నది లెక్క ఎంత సరైనది అన్నంత ముఖ్యం. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70 వేల కోట్లకు పైగా కేటాయించింది. ప్రతి గ్రామానికీ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ కాగితం మీద ఉంది. పంచాయతీ ఏటా వేసే అభివృద్ధి ప్రణాళికలో సీసీ రోడ్డుకూ మురుగు కాలవకూ ఉన్నట్టే ఆరోగ్యానికీ ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ ఊరి లెక్కతోనే మొదలుకావాలి.

కనుక పాఠకులకు నా విన్నపం. ఈసారి మీ ఊళ్ళో గ్రామసభ జరిగినప్పుడు వెళ్ళండి. ఏఎన్ఎంనూ, ఆశా కార్యకర్తనూ కూడా రమ్మని పిలవండి. పోయిన ఏడాది మన ఊళ్ళో ఎంతమంది, ఏ వయసులో, ఏ కారణంతో చనిపోయారు? బీపీ, సుగర్ ఉన్నవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో క్రమంగా మందులు అందుతున్నది ఎంతమందికి? నలభై ఏళ్ళలోపు గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎందరు? తాగే నీళ్ళను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. జవాబులు దొరికితే పంచాయతీ పుస్తకంలో రాయించండి. దొరకకపోతే దొరకలేదని రాయించి, వచ్చే సభలోగా తెమ్మని తీర్మానం చేయండి.