విప్పి చూసే విద్య

పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి, ఒక్క పూటలో వాళ్ల చేత సొంత వెబ్ పేజీ కట్టించడం చిన్న పనిలా కనిపిస్తుంది. నా దృష్టిలో అది పెద్ద పని. 2012లో మొజిల్లా ప్రారంభించిన వెబ్‌మేకర్‌లో ఎక్స్‌రే గాగుల్స్ అనే పనిముట్టు ఉండేది. ఏ పేజీనైనా విప్పి, లోపలి హెచ్‌టీఎంఎల్ చూపించి, మార్చి చూడనిచ్చేది. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ బృందం కాలేజీ విద్యార్థులకు అలవాటు చేస్తూ వచ్చిందీ ఇలాంటి చొరవనే. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ, దాన్ని ఆనుకుని హాస్టళ్లతో నిండిన తార్నాకకూ ఇలాంటి పూటలు మరీ అవసరం. జిల్లాల నుంచి ఇక్కడికి చదువుకు వచ్చేవాళ్లలో ఎందరికో ఇంటర్నెట్ అంటే చేతిలోని ఫోనే. అందులో చూడటమే తప్ప విప్పడం ఉండదు.

ఒక్క పూటలో ఏమొస్తుందని అడగొచ్చు. ఉద్యోగం రాదు, నిజమే. కానీ బోల్డ్ ట్యాగ్ తెరిచి మూయడం మరిచిపోతే కింది అక్షరాలన్నీ లావెక్కుతాయి. యూటీఎఫ్-8 అని చెప్పకపోతే తెలుగులో రాసిన ఊరి పేరు పిచ్చిగీతలుగా మారిపోవచ్చు. అప్పుడు పక్కనున్న సీనియర్ కీబోర్డు లాక్కోకుండా, "ఏ లైను దగ్గర తేడా వచ్చిందో చూడు తమ్ముడూ" అని ఓపిక పట్టడంలోనే ఈ నేర్పించేవాళ్ల గొప్పతనమంతా ఉంది. ఏఐ క్షణంలో పేజీ రాసిస్తోంది కదా అన్నది బలమైన అభ్యంతరమే. అయితే అది రాసినదాంట్లో తప్పు పట్టాలన్నా, చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కు బొమ్మ వివరం అందించాలన్నా కోడ్ చదవగలిగేవాళ్లే కావాలి. వెబ్ పేజీలు రాసుకోవడానికి ఇచ్చిన తన థింబుల్ ఎడిటర్‌ను మొజిల్లా 2019లో ఆపేసింది. అయినా నోట్‌ప్యాడ్, బ్రౌజర్, సెలవురోజు తాళం తీసే ఒక ల్యాబ్ దొరికితే ఈ పని నడుస్తుంది.