నాలుక కింద దాగిన చర్మం

నోటి అడుగున, నాలుక కింద నడిమధ్యలో, నున్నటి ఉబ్బు. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, నొప్పి ఉండదు. వేలితో నొక్కితే తడిపిన పిండిముద్దలా లొంగుతుంది. నొక్కినచోట గుంట కాసేపు అలాగే నిలిచిపోవడమూ ఉంది. ఇదే డెర్మాయిడ్ తిత్తి. అరుదైనది, క్యాన్సర్ కాదు అని రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తారు గానీ, లోపలి పనితనం చూస్తే అంత తొందరగా వదలబుద్ధి కాదు.

తిత్తి నోటి అడుగునున్న జెనియోహయాయిడ్ కండరానికి పైన పెరిగితే నాలుకను పైకి నెట్టి మాటకూ మింగడానికీ అడ్డొస్తుంది. కింద పెరిగితే గడ్డం కింద ఇంకో గడ్డంలా కనిపిస్తుంది. పిండం నాలుగో వారానికి అటూ ఇటూగా, నోటి అడుగును కట్టే చాపాలు (వంపు తిరిగిన కణజాల పట్టీలు) మధ్యరేఖలో కలుసుకునేటప్పుడు కొంత పైపొర లోపల చిక్కుకుపోవడమే దీనికి మూలమని ఎక్కువమంది భావిస్తారు.

చిక్కుకున్న ఆ పొర తన పని మరిచిపోదు. మైక్రోస్కోప్ కింద చూడండి: అడుగున నిలువుగా కుదురుకున్న కణాలు, పైకి పోయేకొద్దీ చదునవుతాయి, తర్వాత కణికల పొర, ఆపైన కేంద్రకాలు పోగొట్టుకున్న కెరటిన్ రేకులు. ఒంటి మీది చర్మంలో ఉన్న వరుసే ఇది. ముఖం మాత్రం లోపలికి. బయటి చర్మం రాల్చిన పొట్టు గాలికి పోతుంది, ఇక్కడ పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. తిత్తి పెరిగేది అందుకే. గోడలో రోమకూపాలు, స్వేద గ్రంథులు, నూనె గ్రంథులు కూడా ఉంటాయి. స్లైడ్ తయారీలో వాడే ద్రావకాలు కొవ్వును కరిగించేస్తాయి కాబట్టి నూనె గ్రంథి కణాలు నురగలా తేలిపోయి కనబడతాయి. ఎంత అందం!

1955లో మేయర్ అనే పరిశోధకుడు ఇలాంటి తిత్తులను మూడుగా విడదీశాడు. గోడలో చర్మపు గ్రంథులూ రోమకూపాలూ లేకపోతే ఎపిడెర్మాయిడ్, ఉంటే డెర్మాయిడ్, కండరం, ఎముక వంటి వేరే కణజాలం కూడా కలిస్తే టెరటాయిడ్. స్లైడ్ మీదికొచ్చేది నాలుగైదు మైక్రాన్ల పలుచటి కోత. గోడలో ఉన్న ఒక్క గ్రంథి ఆ కోతలో పడకపోతే పేరే మారిపోతుంది. తిత్తిని గోడతో సహా చెక్కుచెదరకుండా తీసేస్తే మళ్లీ రావడం అరుదు. పేరు మారినంత మాత్రాన శస్త్రచికిత్స పెద్దగా మారదు. అయినా ఇంకో చోట కోయించి, మరో స్లైడ్ చూసి గానీ నివేదిక మీద సంతకం పెట్టని పాథాలజిస్టులంటే నాకు ఎనలేని గౌరవం.