పదహారు అంకెల్లో ఎన్‌క్రిప్షన్

కోబాల్ ప్రోగ్రాంలో ఎన్‌క్రిప్షన్ చేర్చడానికి గణితం తెలియనక్కరలేదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేంలో ఐసీఎస్ఎఫ్ అనే సేవ ఉంది. ప్రోగ్రాం దాన్ని కాల్ చేస్తే డేటాను ఏఈఎస్ పద్ధతిలో మార్చి ఇస్తుంది. ప్రోగ్రాంలో ఉండేది కీ లేబుల్ మాత్రమే, అసలు కీ కాదు. చిక్కంతా రికార్డు కొలతల దగ్గరే.

రికార్డు ఆకృతిని వర్ణించే కాపీబుక్‌లో కార్డు నంబరు సాధారణంగా పిక్ 9(16), అంటే 16 బైట్లు. ఏఈఎస్ బ్లాకు కూడా సరిగ్గా 16 బైట్లే కాబట్టి ఇమిడిపోతుందనిపిస్తుంది. కానీ బయటికొచ్చేవి అంకెలు కావు. మెయిన్‌ఫ్రేం అక్షర సంకేతమైన ఎబ్సిడిక్‌లో అంకెలకు ఎఫ్0 నుంచి ఎఫ్9 దాకానే విలువలుంటాయి. ఎన్‌క్రిప్ట్ అయిన బైటు ఏదైనా కావచ్చు. ఏ మూలనో ఉన్న పాత ప్రోగ్రాం ఆ ఫీల్డును లెక్కలోకి తీసుకుంటే, మెయిన్‌ఫ్రేం వాళ్లు సాక్ సెవెన్ అనే అబెండ్‌తో (ప్రోగ్రాం అర్ధంతరంగా ఆగడంతో) రాత్రి బ్యాచ్ ఆగిపోవచ్చు. అదే ఫీల్డు వీశామ్ ఫైలులో రికార్డులను వరుసలో ఉంచే కీ అయితే వరుస క్రమమే పోతుంది. పైగా బ్లాకును నేరుగా మారిస్తే ఒకే నంబరుకు ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది. దాన్ని తప్పించాలంటే ప్రతి రికార్డుకూ వేరే ప్రారంభ విలువ దాచాలి. అందుకు చోటేదీ? రికార్డు పొడవు పెంచితే ఆ కాపీబుక్ వాడే ప్రోగ్రాంలన్నీ మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

అంకెలు అంకెలుగానే ఉండాలంటే ఒక దారి ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో ప్రకటించిన ఎఫ్ఎఫ్1 పద్ధతి 16 అంకెలను మరో 16 అంకెలుగానే మారుస్తుంది. వరుస క్రమం మాత్రం దీనితోనూ దక్కదు. దాంతోపాటే వచ్చిన ఎఫ్ఎఫ్3లో మరుసటి ఏడాదే లోపం బయటపడింది. ఆకారం కాపాడే పద్ధతుల్ని ఆచితూచి ఎంచుకోవాలి.

ఫైలు యూనిక్స్ వైపు వెళ్లేటప్పుడు ఇంకో గండం. ఎఫ్‌టీపీ టెక్స్ట్ మోడ్‌లో ఎబ్సిడిక్‌ను ఆస్కీగా మారుస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయిన బైట్లనూ అలాగే మార్చేస్తే అవి ఇక విప్పడానికి పనికిరావు. బైనరీలోనే పంపి, అక్కడ విప్పాకే అక్షరాలను మార్చుకోవాలి.

2017లో జెడ్14 మెయిన్‌ఫ్రేంతో పాటు ఐబీఎం ముందుకు తెచ్చిన డేటాసెట్ ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం జోలికే పోదు. భద్రతా వ్యవస్థ ర్యాక్ఎఫ్ ప్రొఫైల్‌లో కీ లేబుల్ ఇస్తే చాలు, డిస్కుకు రాసేటప్పుడు, చదివేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమే ఆ పని చూసుకుంటుంది. కీపై హక్కు లేని స్టోరేజి సిబ్బంది డేటాసెట్లను కదపగలరు కానీ చదవలేరు. హక్కున్న ప్రోగ్రాంకు మాత్రం అంతా మామూలుగానే కనిపిస్తుంది. పాత అప్లికేషన్లకు ముందు ఇదే మేలు. ఫీల్డు స్థాయి శ్రమను కార్డు నంబరు వంటి కొద్దిపాటి వివరాలకే పరిమితం చేయవచ్చు. ఇప్పటికే ఉన్న ఫైళ్లు వాటంతటవే మారవు, కొత్త డేటాసెట్‌లోకి కాపీ చేయాలి. పాత కీతో ఎన్‌క్రిప్ట్ అయిన బ్యాకప్‌లు అవసరమైనంత కాలం ఆ కీని తొలగించకూడదు.