పిడికిట్లో పట్టే కథలు

ఖతార్‌లో మదీనత్ అల్ షమాల్ నుంచి అల్ జుబారా కోట వైపు వెళ్తుంటే, పొద్దెక్కేకొద్దీ రోడ్డు చివర నీళ్లు నిలిచినట్టు మెరుస్తుంది. మనం ఎండమావి అంటాం. జపాన్ వాళ్లు షింకిరో అంటారు. ఆ మాటను విడదీస్తే ఆల్చిప్ప ఊపిరిలో లేచిన మేడ అని వస్తుంది. సముద్రం అడుగున ఒక పెద్ద ఆల్చిప్ప నోరు తెరిచి ఊపిరి వదులుతుందట, ఆ ఆవిరిలో నాగరాజు కోట తేలుతుందట. ఈ కథనంతా రెండు వేళ్ల మధ్య పట్టే దంతపు ముక్కలో చెక్కినవాళ్లున్నారు. సగం తెరుచుకున్న చిప్ప, లోపల పైకప్పులు, చెట్లు, ఒక వంతెన. దాని వెనక రెండు చిన్న రంధ్రాలు. అలాంటి బొమ్మ ఎవరైనా చూపిస్తే నేను ముందు చూసేది మేడను కాదు, ఆ రంధ్రాలనే.

ఈ బొమ్మల పేరు నెట్సుకే. 'నె' అంటే వేరు, 'ట్సుకె' అంటే తగిలించడం. కిమోనోకు జేబులుండవు. మన పంచెకూ లేవు. మన పెద్దవాళ్లు చుట్టనూ వక్కల సంచినీ రొండిన దోపుకునేవారు. ఎడో కాలపు (1603–1868) జపాన్ మగవాళ్లు మందుల భరిణెనో పొగాకు తిత్తినో డబ్బు సంచినో ఒక తాడుకు కట్టి, ఆ తాడును నడికట్టు కిందనుంచి పైకి తీసేవారు. తాడు జారిపోకుండా పై కొసన కట్టిన అడ్డుబిళ్లే నెట్సుకే. మొదట్లో ఏ గులకరాయో, వేరుముక్కో సరిపోయేది. తర్వాత పనివాళ్ల చేయి పడింది.

పని వస్తువు కనుకనే ఈ కళ ఇంత పదునెక్కిందని నా నమ్మకం. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మకు చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. చెయ్యి ఎంత చాచినా ఫర్వాలేదు, బొమ్మ అల్మారాలో ఉంటుంది. నెట్సుకే మనిషి నడుముకు వేలాడుతూ రోజంతా బట్టకు రాసుకుంటుంది. ఎక్కడ మొన తేలినా పట్టుబట్ట చిరుగుతుంది, లేదా మొనే విరుగుతుంది. అందుకే జంతువు తోకను ఒంటి చుట్టూ తిప్పుతారు, ఎలుక కాళ్లను పొట్ట కిందికి మడుస్తారు, కప్పను గుండ్రంగా కూర్చోబెడతారు. తాడు రంధ్రాలను హిమొతోషి అంటారు. రెండింటిలో ఒకటి కాస్త పెద్దది, ముడి అందులో దాగిపోవాలి. గొప్ప చేయి ఉన్నవాడు ఒక్కోసారి రంధ్రమే తొలవడు. తాడు కాలికీ ఒంటికీ మధ్య ఉన్న సహజమైన సందులోంచి పోతుంది. అడుగుభాగం ఎవరికీ కనబడకపోయినా అక్కడ పాదాల వేళ్లూ మడతలూ పూర్తిగా చెక్కి ఉంటాయి.

ఏనుగు దంతంతో చేసినవే చాలామందికి తెలుసు. నాకు ఎక్కువ ఇష్టం త్సుగె కర్రవి. గట్టి కర్ర, సన్నని పోగు, వెంట్రుకవాసి గీతనైనా నిలబెట్టుకుంటుంది. లేడి కొమ్ముతోనూ చేశారు. ఇవామి ప్రాంతంలో సెయియోదో తొమిహరు (1733–1810), అతని వంశంవారు అడవిపంది కోరలపై సాలీళ్లనూ జెర్రులనూ చెక్కారు. ఉలి పని అయ్యాక అసలు ఓపిక మొదలవుతుంది. టొకుసా అనే గరుకు కాడ గడ్డితో, ముకు చెట్టు ఆకులతో రుద్ది రుద్ది నునుపు తెస్తారు. మన గరుకు కాగితం పని అక్కడ ఆకులు చేశాయి.

ఉకిబొరి అనే పనితనం గురించి చెప్పకుండా ఉండలేను. గోదురుకప్ప ఒంటిమీద బుడిపెలు కావాలి. ఒక్కొక్క బుడిపె చుట్టూ చెక్కుకుంటూ పోవచ్చు, కానీ ఉలి జాడ మిగులుతుంది. అందుకని మొద్దు మొన ఉన్న పనిముట్టుతో కర్రను చుక్కలు చుక్కలుగా నొక్కుతారు. నొక్కినచోట పోగు నలిగి గుంట పడుతుంది. తర్వాత చుట్టూ ఉన్న కర్రను ఆ గుంటల అడుగు మట్టం దాకా తీసేస్తారు. ఇప్పుడు అంతా చదునే. చివరికి నీళ్లతో తడిపితే, నలిగి ఉన్న పోగు ఉబ్బి పైకి లేస్తుంది. కప్ప ఒంటిమీద బుడిపెలు తమంతట తామే మొలిచినట్టుంటాయి. కర్ర మళ్లీ లేస్తుందని మొదట గమనించినవాడికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక కథలు. కోతి గుండె కోసం దాన్ని నీళ్లలోకి తీసుకెళ్లిన మొసలి కథ తెలియని తెలుగు పిల్లవాడుండడు. గుండె చెట్టుమీదే ఉండిపోయిందని చెప్పి కోతి బయటపడుతుంది. జాతక కథల్లోనూ పంచతంత్రంలోనూ ఉన్న ఆ కథ జపాన్ చేరేసరికి గుండె కాలేయమైంది. అది సముద్రపు నాగరాజుకు మందుగా కావలసివచ్చింది. కోతిని తేబోయి పోగొట్టుకున్న జెల్లీచేపను చావబాదితే ఎముకలు పోయి మెత్తబడిందని అక్కడి పిల్లలకు చెబుతారు. జెల్లీచేపకు బదులు ఆక్టోపస్ వచ్చే కథలూ ఉన్నాయి. కోతీ ఆక్టోపస్ పెనుగులాడే నెట్సుకేలు చాలా దొరుకుతాయి. ఎనిమిది చేతులూ కోతి ఒంటికి చుట్టుకుపోతాయి కనుక మొన ఎక్కడా తేలదు, కథే ఆకారాన్ని గుండ్రం చేస్తుంది. దక్షిణ భారతం నుంచి వెళ్లాడని చెప్పుకునే బోధిధర్ముడు దరుమా పేరుతో కనిపిస్తాడు, తొమ్మిదేళ్ల ధ్యానం ముగించి ఒళ్లు విరుచుకుంటూ. తలమీది గుంటలో నీళ్లున్నంతసేపే బలముండే కప్పా అనే నీటిభూతం కాలు ఆల్చిప్పలో ఇరుక్కుని విలవిలలాడుతుంటుంది.

షమాల్ తీరంలో నిలబడి తలుచుకోవలసిన కథ మరొకటుంది. నాగరాజు కాజేసిన మణిని తేవడానికి షిదో అనే పల్లెలో సముద్రంలో మునిగే స్త్రీ ఒకామె అడుగుకు దిగింది. నాగరాజు తరుముకొస్తుంటే తన రొమ్ము కోసుకుని మణిని అందులో దాచి పైకి చేర్చింది, తాను బతకలేదు. ఈ తీరంలో మునిగింది మగవాళ్లు. కాలికి రాయి కట్టుకుని, ముక్కుకు తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసిన చిన్న పట్టకారు పెట్టుకుని ముత్యపు చిప్పల కోసం దిగేవారు. ఆ పట్టకారునూ తాడుకట్టి మెడలో వేసుకునేవారు. అల్ జుబారా ఆ ముత్యాల మీద బతికిన ఊరే, 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. జపాన్‌లో మికిమొతో కోకిచి 1893లో పెంపకపు ముత్యం సాధించాడు. 1920లలో ఆ ముత్యాలు సంతలో పడ్డాక, పైన ప్రపంచ మాంద్యమూ వచ్చాక, గల్ఫ్ పడవలు ఒడ్డెక్కాయి.

నెట్సుకేకూ అలాంటి కాలమే వచ్చింది. మేజీ పాలన (1868) తర్వాత కోటుకు జేబులొచ్చాయి, పొగాకు తిత్తిని సిగరెట్టు తోసేసింది. ఇంటింటి నెట్సుకేలు ఓడలెక్కి యూరప్ చేరాయి. 1870లలో పారిస్‌లో షార్ల్ ఎఫ్రుసీ కొన్న 264 బొమ్మలు తర్వాత వియన్నా చేరాయి, నాజీల కాలంలో వాటిని అక్కడి ఇంటి పనిమనిషి తన పరుపులో దాచి కాపాడింది. ఆ కథను అదే వంశానికి చెందిన కుండల కళాకారుడు ఎడ్మండ్ డి వాల్ 2010లో పుస్తకంగా రాశాడు. బొమ్మలు జేబులో పట్టేంత చిన్నవి కాబట్టే ఆమె అంత పని చేయగలిగింది.

కొనాలనుకునేవాళ్లకు రెండు మాటలు. సంతకాన్ని నమ్మి కొనకండి. 1781లో ఒసాకాలో ఇనబా త్సూర్యూ అచ్చువేసిన సోకెన్ కిషో అనే పుస్తకం యాభైకి పైగా నెట్సుకే శిల్పుల పేర్లిచ్చింది. క్యోటో తొమొతదా ఎద్దులకు నకళ్లు వస్తున్నాయని అప్పుడే రాసింది. ఇప్పుడు అచ్చుపోసిన రెసిన్ బొమ్మల మీద కూడా ఆయన పేరుంటుంది. ఏనుగు దంతం జోలికైతే అసలు వెళ్లవద్దు. అంతర్జాతీయ వ్యాపారం మీద 1989లో నిషేధం పడింది, మన దేశంలో 1991 నుంచి ఆఫ్రికా దంతం కూడా చట్టవిరుద్ధం. సెలవులకు ఇంటికెళ్తూ పెట్టెలో వేసుకునే వస్తువు కాదది. కర్ర బొమ్మ తీసుకోండి. దాన్ని వెలుతురులో పెట్టి చూసేముందు కళ్లు మూసుకుని పిడికిట్లో తిప్పండి. గుచ్చుకుంటే అది నడుముకు వేలాడడానికి చేసింది కాదు. తర్వాత తిరగేసి రంధ్రాల అంచులు తడమండి. నిజంగా వాడిన బొమ్మలో తాడు లాగిన వైపు అంచు మాత్రమే అరిగి, వేలికి మెత్తగా, పల్లంగా తగులుతుంది.