గాజు గోడ వెనుక 18 మడతలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ హోసే, శాంటా క్లారా నగరాల సరిహద్దు మీదనే నిలిచిన వ్యాలీ ఫెయిర్ మాల్ 1956లో మొదలై, 1986లో పొరుగునున్న మరో అంగళ్ల సముదాయంతో కలిసిపోయి, వంద కోట్ల డాలర్లకు పైబడిన వ్యయంతో 2020లో పూర్తయిన విస్తరణ వల్ల ఇప్పటి రూపానికి వచ్చింది. ఒకప్పుడు ఇటువంటి చోటికి జనాన్ని రప్పించే భారం డిపార్ట్‌మెంట్ స్టోర్లది, అంటే దుస్తుల నుంచి వంటపాత్రల దాకా ఒకే కప్పు కింద అమ్మే పెద్ద దుకాణాలది. కొనుగోళ్లు ఫోన్లలోకి తరలిన తరువాత ఆ భారంలో పెద్ద వాటా భోజనశాలల మీద పడింది. ఇంటికి తెప్పించుకునేలోపే రుచి చెడే పదార్థానికి ఇక్కడ గిరాకీ ఉండటం సహజమే. సిలికాన్ వ్యాలీలోని తెలుగు కుటుంబాలకూ పరిచితమైన ఈ మాల్‌లో 2016లో తెరుచుకున్న దిన్ తై ఫంగ్ శాఖ అందుకు మంచి ఉదాహరణ.

ఈ సంస్థ పుట్టుక ఆడంబరంగా ఏమీ లేదు. చైనా నుంచి తైవాన్‌కు వలస వచ్చిన యాంగ్ బింగ్‌యీ 1958లో తైపే నగరంలో వంటనూనె వ్యాపారంగా దీనిని ప్రారంభించి, డబ్బాల్లో నింపిన నూనె బజారులోకి వచ్చి చిల్లర అమ్మకం దెబ్బతిన్నాక, 1972లో ఆవిరి వంటకాల వైపు మళ్లాడు. 1996లో విదేశంలో తొలి శాఖ తెరిచినప్పుడు అందుకు ఎంచుకున్న చోటు టోక్యోలోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోరే కాబట్టి, మాల్‌లో కాపురం ఈ సంస్థకు కొత్త కాదు.

సంస్థకు పేరు తెచ్చిన వంటకం షియావ్‌లాంగ్‌బావ్. పలుచని గోధుమపిండి పొరలో మాంసపు కూరుతో పాటు వేడి రసాన్ని కూడా దాచి, వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికించే చిన్న మూట అది. ద్రవం మూటలోకి ఎలా చేరిందన్న ప్రశ్నకు జవాబు జిలాటిన్‌లో ఉంది: చర్మం, ఎముకలు చాలాసేపు మరిగినప్పుడు వాటి నుంచి ఊరే ఈ పదార్థం రసాన్ని చల్లారాక గడ్డకట్టిస్తుంది గనుక, ఆ గడ్డను సన్నగా తరిగి కూరులో కలిపితే, ఆవిరి తగిలిన కాసేపటికే అది లోపలే కరిగి మళ్లీ రసమవుతుంది. ఇక మిగిలినదంతా చేతిపనే. పొర 5 గ్రాములు, కూరు 16 గ్రాములు, మడతలు 18 అని సంస్థ నిర్ణయించుకున్న కొలత; పొరను నడుమ కొంత మందంగా, అంచుల్లో పలుచగా వత్తుతారు, ఎందుకంటే అడుగుభాగం రసం బరువు మోయాలి, అంచులన్నీ ఒకేచోట చేరే శిఖరం మాత్రం పిండిముద్దలా మిగలకూడదు. కజ్జికాయ అంచును వేలికొసలతో మడత మీద మడతగా మూసే చేతులకు ఈ పని కష్టం వెంటనే అర్థమవుతుంది. అయితే కజ్జికాయ నోరు విడితే పాడయ్యేది మూకుడులోని నూనె, ఇక్కడ మడత విడితే రసమంతా కారిపోయి వంటకమే మిగలదు.

ఈ పనిని గాజు గోడ వెనుక అందరికీ కనబడేలా చేయించడంలో ప్రచారం ఉన్నదన్న మాట నిజమే కాని, ఆ ప్రదర్శనలో బూటకం లేదు. చూపిస్తున్న పనే బుట్టలోకి వస్తున్నది. తైపేలోనూ కాలిఫోర్నియాలోనూ ఒకే రుచి రావడం వంటవాడి సొంత ముద్రను చెరిపివేస్తుందన్న అభ్యంతరం మరికొంత బలమైనది. అయినా రోజంతా ఒకే కొలతను తప్పకుండా నిలబెట్టే చేతిని యంత్రంతో పోల్చడం అన్యాయం. ఆ చేతుల కూలి సంగతి కూడా ఈ మాల్‌కు కొత్త కాదు: 2013లో శాన్ హోసే నగరం కనీస వేతనాన్ని గంటకు 10 డాలర్లకు పెంచినప్పుడు, సరిహద్దుకు అవతల శాంటా క్లారా వైపున్న దుకాణాలకు రాష్ట్రం నిర్ణయించిన 8 డాలర్లే వర్తించినందువల్ల, ఒకే మాల్‌లో రెండు కనీస వేతనాలు ఉండేవి. ఖరీదైన భోజనశాల బిల్లులో నేలరాళ్లకూ దీపాలకూ అద్దెకూ చెల్లించే వాటా ఎలాగూ ఉంటుంది; మడతలు వేసే చేతులకు చేరే వాటా మీద మాత్రం ఫిర్యాదు చేయవలసిన అవసరం లేదు.

తినే పద్ధతికీ కొంత నేర్పు కావాలి. మూటను శిఖరం దగ్గర మెల్లగా పట్టి, సన్నని అల్లం ముక్కలు వేసిన సోయా సాస్, వెనిగర్ మిశ్రమంలో తాకించి, చెంచాలో ఉంచుకుని, పక్కన చిన్న గంటు పెట్టి ముందుగా రసం తాగాలి. ఒక్కసారిగా నోట్లో వేసుకుంటే నాలుక కాలుతుంది, ఆలస్యం చేస్తే పొర బుట్ట అడుగుకు అంటుకుని చిరుగుతుంది. అందువల్ల అన్నీ ఒకేసారి తెప్పించుకుని బల్ల నింపుకోవడం కన్నా, ఒక బుట్ట ముగిశాక మరొకటి చెప్పడమే సరైనది. శాకాహారులకు కాయగూరలు, పుట్టగొడుగులు కూరిన మూటలు దొరుకుతాయి, కాని రసాన్ని గడ్డకట్టించేది జంతు సంబంధమైన జిలాటిన్ కావడం వల్ల వాటిలో ఆ రసం ఉండదు. మిగతా వంటకాల్లో మాంసపు రసం కలుస్తుందో లేదో ఆర్డరు చెప్పే ముందే వడ్డించేవారిని అడిగి తెలుసుకోవాలి.