సమస్యాపూరణంలో సిద్ధపాదం – ఆశుపాదం: అతుకు పరిశీలన

అవధాన పద్యాన్ని తూచేటప్పుడు మన విమర్శ ఎక్కువగా వేగాన్నీ ధారణనూ చూస్తుంది. ముందే కట్టుకొచ్చిన పద్యమని శంకించేవారూ, అప్పటికప్పుడు పుట్టిందని పొంగిపోయేవారూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతారు: పద్యం సిద్ధమా, ఆశువా? సమస్యాపూరణం దగ్గర ఈ ప్రశ్నకు అర్థం లేదు. అక్కడ ఒక పాదాన్ని, సాధారణంగా చివరిదాన్ని, పృచ్ఛకుడు సభ ఎదుటే సిద్ధంగా ఇస్తాడు. మిగిలిన మూడు పాదాలు ఆశువుగా రావాలి. కనుక పరిశీలించవలసింది ఆ రెంటి మధ్య అతుకు.

కంప్యూటర్ శాస్త్రంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. ప్రోగ్రామును నడపకముందే కంపైలర్ యంత్రభాషలోకి మార్చిపెట్టిన భాగం ఒకటి. నడుస్తుండగా అప్పటి అవసరాన్నిబట్టి తయారయ్యే భాగం మరొకటి. వెతకవలసిన అక్షరక్రమం చేతికందిన తర్వాతే దానికి తగిన యంత్రసూచనలను తయారుచేసే పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లో ఐబీఎం 7094 యంత్రానికి వివరించాడు. ఈ రెండు భాగాలూ ఒకదాన్నొకటి పిలవాలంటే విలువలను ఎక్కడ ఉంచాలి, ఫలితాన్ని ఎక్కడ అందుకోవాలి అన్న ఒడంబడిక రెంటికీ ఒకటే కావాలి. ముందున్నది మారదు, కొత్తగా పుట్టేదే దానికి లొంగాలి. పద్యంలో ఆ ఒడంబడిక వృత్తమూ ప్రాసా. యతి ఏ పాదానికాపాదంలో తీరే వ్యవహారం. ప్రాస నాలుగు పాదాలనూ కట్టిపడేస్తుంది.

శ్రీశైల శిఖరాన్ని దర్శించినవారికి పునర్జన్మ లేదని నమ్మకం. దాన్ని తలకిందులు చేస్తూ, శిఖరం చూసినవాడు మళ్లీ పుట్టాడన్న అర్థంతో ‘శ్రీశైలంబున’ అని మొదలయ్యే సమస్యను ఒక పృచ్ఛకుడు ఇచ్చాడని ఊహించవచ్చు. మూడు గురువులు, ఆపై రెండు లఘువులు: వినగానే అవధానికి శార్దూలం స్ఫురిస్తుంది. ప్రాసస్థానంలో శకారం, దాని ముందు దీర్ఘం. అచ్చతెలుగులో శకారం అరుదు కాబట్టి, ఈ ఒక్క మాటతోనే మిగిలిన మూడు పాదాల ఎత్తుగడలు సంస్కృతం వైపు ఒరిగిపోతాయి. నల్లమల, అడవి, పులి వంటి మాటలు పాదం మొదట నిలవలేవు. లోపల ఎక్కడో చోటు వెతుక్కోవాలి. ఆశ, పాశం, కాశి, దేశం, కేశం, కోశం, క్లేశం, ఈశుడు – ఇది ప్రతి అవధాని దగ్గరా ఎప్పటినుంచో ఉండే సరుకు. అది ఉన్నంత మాత్రాన ఆశువు దొంగసొత్తు కాదు.

ఆ సరుకును వాడిన తీరులోనే తేడా తెలుస్తుంది. ‘ఈశా!’ అని పిలుపుతో మొదలుపెడితే ప్రాస తీరుతుంది, కథ కదలదు. సమస్య ఏదైనా ఆ పిలుపు అక్కడ ఇముడుతుంది. అందుకే అది అతుకును దాచదు, బయటపెడుతుంది. ‘ఆశల్ వీడి’ అని ఎత్తుకుంటే నల్లమలలో దారితప్పి ప్రాణంమీద ఆశ వదులుకున్న యాత్రికుడు కనిపిస్తాడు. ‘క్లేశంబుల్’ రెండో పాదాన్ని అందుకుంటే అతని కష్టం నడుస్తుంది. చావు తప్పి శిఖరం చూసినవాణ్ణి ‘మళ్లీ పుట్టాడు’ అనడం తెలుగువారి నిత్యవ్యవహారమే. అప్పుడు సమస్యలోని వైరుధ్యం వాడుకభాషలోనే విడిపోతుంది. ఇచ్చిన పాదం ఆ కథకు చివరి వాక్యంగా వినిపిస్తుంది. రెండు పూరణలూ ఛందస్సులో నిర్దోషాలే. వేగాన్ని మాత్రమే కొలిచే విమర్శకు వాటి మధ్య తేడా కనిపించదు.

క్రమాలంకారాన్ని ఆశ్రయించే పూరణలకూ ఇదే పరీక్ష. మూడు పాదాల్లో ప్రశ్నలు పేర్చి నాలుగోదానిలోని మాటలను జవాబులుగా పంచడం చమత్కారమే కానీ, చాలాసార్లు పాదం ముక్కలవుతుంది తప్ప పద్యం ఒకటి కాదు.

కడప సీమలో గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేశారు. ఇద్దరూ కావ్యకర్తలుగానూ ప్రసిద్ధులు. అలాంటి కవుల పూరణలను కావ్యపద్యాల పక్కన పెట్టి చదవాలంటే అచ్చులో నాలుగు పాదాలు మాత్రమే ఉంటే చాలదు. అష్టావధానంలో సాధారణంగా ఆవృత్తికొక పాదం చొప్పున పద్యం నడుస్తుంది. మధ్యలో మిగతా అంశాలు చొరబడతాయి, అప్రస్తుతప్రసంగి అడ్డుపడతాడు. ఏ పాదం ఏ ఆవృత్తిలో వచ్చిందో, ఎక్కడ సవరణ జరిగిందో సంకలనకర్తలు నమోదు చేస్తే అతుకును పరిశీలించడం సాధ్యమవుతుంది.

నిషిద్ధాక్షరికి ఈ కొలత సరిపోదు. అక్కడ సిద్ధపాదమే లేదు. అవధాని మనసులో సిద్ధమైన మాటను పృచ్ఛకుడు అక్షరం దగ్గరే విరుస్తాడు.